ఆర్తనాదమును వినువారు

గజేంద్రమోక్షమును విననివారు తెలుగునాట అరుదు. ఆ కథను చెప్పునపుడు మనము సామాన్యముగా చక్రము వచ్చి మొసలిని ఖండించిన ఘట్టమునకే చేతులు జోడింతుము. కాని అంతకు ముందే ఒకటి జరిగినది. హరి వినెను. చెంతనున్న లక్ష్మికైనను చెప్పకయే బయలుదేరెనని పోతన వర్ణించెను. మడుగులోని మొఱ వైకుంఠమునకు వినబడకున్నచో చక్రమునకు పని యేమి? రక్షణమునకు మొదటి మెట్టు శ్రవణము.

వినుటయే వృత్తిగా గలవారు నేడు మన నడుమ నున్నారు. 2005వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ ఆరంభమై, పిమ్మట అనేక రాష్ట్రములకు వ్యాపించినది. జపమాలలోని పూసల సంఖ్యయు అదియే. ఆ అంకెలు నొక్కినంతనే ఎచ్చటనో ఒక పెద్ద గదిలో, చెవులకు ఫోను తగిలించుకొని కూర్చున్న యువకుడో యువతియో పలుకుదురు. వారిని మనము చూడము. వారు మనలను చూడరు. బండి నడపిన డ్రైవరును చూతుము, శస్త్రచికిత్స చేసిన వైద్యునికి దండ వేయుదుము. మొదట విన్నవాని ముఖమెట్లుండునో ఎవరికిని తెలియదు.

వినువాడు వెంటనే దొరకకున్న ఏమగునో లండను నగరము 1935వ సంవత్సరము నవంబరులో చూచినది. వింపోల్ వీధిలో ఒక యింట అగ్ని చెలరేగినది. ఎదుటి యింటివాడు టెలిఫోను చేసెను గాని, ఎక్స్ఛేంజిలో ఆ పిలుపు మిగిలిన పిలుపులతో పాటు వరుసలో నిలిచిపోయినది. ఆ మంటలలో ఐదుగురు స్త్రీలు మరణించిరి. ఆపదలో నున్నవాని పిలుపునకును, కబుర్లాడగోరువాని పిలుపునకును నాడు భేదము లేదు. ఆ దుఃఖము నుండియే 1937 జూన్ 30వ తేదీన 999 అను సంఖ్య పుట్టినది. ఆ పిలుపు వచ్చినప్పుడు ఆపరేటర్ల యెదుట ఎఱ్ఱదీపము వెలుగునట్లు ఏర్పాటు చేసిరి.

మా ఆశ్రమమున జరిగిన యొక సంగతి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట సంధ్యాహారతి వేళ వృద్ధభక్తులొకరు కూర్చున్నవారు కూర్చున్నట్లే ప్రక్కకు ఒరిగిపోయిరి. చిన్న బ్రహ్మచారి యొకడు పరుగున వచ్చి 108కి ఫోను చేసెను. "ఆశ్రమమండీ, త్వరగా రండి!" అని మాత్రమే అతని నోట వచ్చుచున్నది. అవతల నున్న అమ్మాయి, "ఏ ఊరండీ? ఏ మండలం? మెయిన్ రోడ్డు మీద నుంచి ఎటు తిరగాలి?" అని అడిగెను. బ్రహ్మచారికి కోపము వచ్చినది. "ఇక్కడ ప్రాణం పోతుంటే ఈ ప్రశ్నలేమిటమ్మా? మీ ఇంటివారైతే ఇట్లాగే అడుగుతావా?" అనెను. ఆమె స్వరము హెచ్చలేదు, తగ్గలేదు. "చెప్పండి, బండి పంపుతున్నాను," అనెను. దారి తెలిసికొని, మరుక్షణమే, "బండి బయలుదేరింది. ఆయన ఊపిరి తీస్తున్నారా? చూసి చెప్పండి," అనెను. ఊపిరి లేదు.

అప్పుడామె అతనికి నేర్పినది. ఫోనును నేలమీద పెట్టి అందఱికి వినబడునట్లు చేయుమనెను. రొమ్ము నడుమ ఒక చేతిపై మఱియొక చేయి మోపి, రెండంగుళముల లోతు దిగునట్లు, నిమిషమునకు నూటికి తగ్గకుండ నూటయిరువదికి మించకుండ నొక్కవలెను. ఈ వేగము తప్పకుండుటకై ఆమె తానే పైకి లెక్కింపసాగెను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బ్రహ్మచారియు ఆమెతో గొంతు కలిపెను. అతడు అలసినపుడు మఱియొకడు మోకరిల్లెను. లెక్క మాత్రము ఆగలేదు. హారతిగంట మ్రోగవలసిన వేళ మంటపములో ఆ అంకెలే మ్రోగినవి. ఇన్నేండ్లు మాల త్రిప్పితినిగాని, మనస్సు ఒక్క పూసమీదనైనను అంతగా నిలిచియుండలేదని ఆ రాత్రి ఆ పిల్లవాడు నాతో చెప్పెను. అంబులెన్సు వాకిట నిలిచిన చప్పుడు వినిన తోడనే, "వచ్చేశారు కదండీ," అని యామె ఫోను పెట్టివేసెను.

ఆ స్వరము చలింపకుండుటను గూర్చి ఒక మాట. చాలమంది దానిని కాఠిన్యమని పొరబడుదురు. బ్రహ్మచారియు అట్లే పొరబడెను. గీతలో భగవానుడు సమత్వమును యోగమన్నప్పుడు కూడ కొందఱికి ఇదే శంక కలుగును: దుఃఖమును చూచి కలగనివాని హృదయము రాయి కాదా? నా మట్టుకు, ఆ రాత్రి విన్న స్వరమే ఆ శంకకు నేనెఱిగిన వ్యాఖ్యానములలో మంచిది. ఆమెయు మాతో పాటు ఏడ్చియున్నచో ఏడ్చువారి సంఖ్య ఒకటి పెరిగెడిది, అంతియే. తన కలతను ప్రక్కకు పెట్టినందువలననే ఆమె మా కలతలో నుండి ఊరిపేరును వెలికి తీయగలిగెను. సమత్వమనగా కరుణ లేకుండుట కాదు. కరుణకు చేతులు వణకకుండుట. అయితే ఆ ప్రక్కకు పెట్టినది ఎచ్చటికిని పోదు. పగలెల్ల ఇతరుల కేకలు విన్న చెవులు రాత్రి నిద్రలోను వినుచుండును. ఈ వృత్తిలోనివారికి నిద్రపట్టమియు, దిగులును కలుగుట వైద్యులెఱిగిన విషయమే. వారిని మనము యంత్రములుగా భావింపరాదు.

జీతము పుచ్చుకొని చేయునది సేవ యెట్లగునని అడుగువారు కలరు. మహాభారతమందలి ధర్మవ్యాధుని తలచుకొందము. అతడు మిథిలలో మాంసము విక్రయించి ధనము గైకొన్నవాడే. తపస్సుచేసి గర్వించిన బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకు అతని అంగడికే రావలసి వచ్చెను. స్వామి వివేకానందులు కర్మయోగమును బోధించుచు ఈ కథను ప్రత్యేకముగా ఎత్తి చెప్పిరి. జీవుని శివుడని యెఱిగి సేవింపుడని శ్రీరామకృష్ణులు 1884లో దక్షిణేశ్వరమున పలికినప్పుడు జీతగాండ్రను మినహాయింపలేదు.

కర్మఫలమును గూర్చి మనము ఉపన్యాసములు విందుము. ఇంటికి పోయి మన పనుల ఫలమును ఆరా తీయుదుము. ఈ ఆపరేటర్లకు అట్టి అవకాశమే లేదు. పిలిచినవాడు బ్రతికెనో లేదో, పుట్టుచున్న బిడ్డ ఏడ్చెనో లేదో, సాధారణముగా వారికి తెలియదు. సగము కథ విందురు. మిగిలిన సగము వేఱొకరిది. తమ యిచ్ఛతో ఫలమును విడిచినవారు కారు, పని స్వభావమే వారిచేత విడిపించుచున్నది. అయినను మరునాడు వచ్చి అదే కుర్చీలో కూర్చుండుట మాత్రము వారి యిచ్ఛయే.

మా వృద్ధభక్తులు మూడవనాడు ఆసుపత్రిలో కన్నుమూసిరి. ఈ లోపల దూరదేశము నుండి కుమార్తె వచ్చి, ఆయన చేయి పట్టుకొని ఒక పగలు, ఒక రాత్రి కూర్చుండెను. ఆయన కన్నులు తెఱచి ఆమెను పేరు పెట్టి పిలిచిరి. మరణము తప్పలేదు గనుక అంతయు వ్యర్థమని కొందఱనిరి. ఆ కుమార్తె మాత్రము అట్లు అనలేదు. అంకెలు లెక్కపెట్టిన అమ్మాయికి ఈ పేరు పెట్టి పిలుచుట తెలియదు. తెలుపవలెనని బ్రహ్మచారి తపించెను. తాననిన మాటకు క్షమాపణ చెప్పుకొనవలెననియు కోరెను. పేరు అడుగలేదు గదా!

అమెరికాలో ఇట్టివారిని స్మరించుటకు ఏప్రిల్ నెల రెండవ వారమును కేటాయించినారు. కాలిఫోర్నియాలోని ఒక షెరీఫు కార్యాలయమున 1981లో మొదలైన ఆచారమిది. మనకును అట్టి వారమొకటి ఉండిన మంచిదే. కాని వారికి చేయదగిన సన్మానము ప్రతిదినమును మన చేతిలోనే యున్నది. పిలిచినపుడు మొట్టమొదట స్థలము చెప్పవలెను; మాట తెగిపోయినను బండి రాగలుగును. వారు పెట్టుమనువఱకు ఫోను పెట్టరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 2019 నుండి పోలీసు, అగ్నిమాపక, వైద్యసహాయములన్నిటికి 112 అను సంఖ్యయు కలదు. దానికి ఆటకై ఫోను చేయు పిల్లలను నవ్వుచు విడిచిపెట్టు పెద్దలు వింపోల్ వీధిని తలచుకొందురు గాక. ఆ క్షణమున వరుసలో నిలిచియున్నది ఎవరి మొఱయో!

ఆశ్రమపు టెలిఫోను ప్రక్కన ఇప్పుడొక అట్ట వ్రేలాడుచున్నది. ఊరు, మండలము, మెయిన్ రోడ్డుపై ఏ మైలురాయి దాటిన పిమ్మట ఎడమకు తిరుగవలెనో అన్నియు పెద్ద అక్షరములతో బ్రహ్మచారి స్వయముగా వ్రాసినాడు. అడుగున, కొంచెము చిన్న అక్షరములలో, "మాట్లాడువారి పేరు అడుగుము" అని యున్నది.