గొంతుకు తగిన ప్రేమ



పోటీ పరీక్షల కోసం ఊళ్లు విడిచి వచ్చిన యువకులతో అశోక్‌నగర్ హాస్టళ్లు నిండి ఉంటాయని మీకు తెలిసిందే. ఆ మధ్య అక్కడ ఒక అబ్బాయికి అపెండిక్స్ ఆపరేషన్ అయితే చూడబోయాను. మంచం పక్కన బత్తాయిలు, బిస్కెట్లు, స్నేహితులు చిక్కడపల్లిలో కొనితెచ్చిన బిర్యానీ పొట్లం ఉన్నాయి. నేను తీసుకువెళ్లినవి డజను ఆపిల్ పండ్లు. డాక్టరుగారి చీటీలో ఉన్నది మాత్రం ఒకటే: రెండు రోజులు ద్రవాహారం. ఇన్ని ఉన్నా ఆ బిడ్డ పస్తున్నాడు!

కాసేపటికి మన విచారణకు చెందిన తల్లి ఒకామె నారాయణగూడ నుంచి వచ్చింది. "ఏం తాగమన్నారు నాయనా?" అని అడిగింది. మాలో ఎవరికీ తోచని ప్రశ్న అది. సాయంత్రానికల్లా వడకట్టిన బార్లీ నీళ్లు, పలుచని పప్పుకట్టు ఫ్లాస్కులో తెచ్చి, పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా తాగించింది.

మేము ప్రేమతో ఇవ్వలేదా? ఇచ్చాం. కాని ప్రేమించడమంటే ఎదుటివాని మేలు కోరడమని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. మేము మా తృప్తికి తగినది ఇచ్చాం. ఆమె అతని గొంతుకు తగినది ఇచ్చింది.

కొరింతు క్రైస్తవులకు గట్టి ఆహారం కాక పాలే ఇచ్చానని పునీత పౌలుగారు వ్రాశారు (1 కొరింతీ 3:2). శ్రీసభ కూడా అంతే. అవసరమైనప్పుడు ద్రాక్షారస రూపంలో మాత్రమే దివ్యసత్ప్రసాదం ఇవ్వవచ్చునని 1983 నాటి శ్రీసభ చట్టంలోని 925వ నియమం అనుమతిస్తోంది. అప్పం మింగలేని రోగికి అదే ఆధారం. ప్రభువే రోగి గొంతుకు తగ్గట్టు దిగివస్తుంటే, మన పళ్లబుట్ట దిగిరాదా?

అలాగని భయంతో రోగిని నీళ్ల దగ్గరే ఉంచేయడమూ ప్రేమ కాదు. బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు దాహం తీరుస్తాయి గాని, గాయం మానడానికి కావలసినన్ని మాంసకృత్తులు వాటిలో ఉండవు. అందుకే వైద్యులు త్వరలోనే పాలు, మజ్జిగ, రాగిజావ, ఆపై మెత్తని అన్నం అంటూ మెట్టు మెట్టుగా ఎక్కిస్తారు. ఏ మెట్టు ఎప్పుడన్నది వైద్యుడు చెప్పాలి. రోగి బతిమాలినా, మన మనసు కరిగినా ముందే ఎక్కించరాదు.

ఈ ఆదివారం పూజ ముగిశాక మీ వీధిలోని హాస్టలు వైపు ఒకసారి వెళ్లండి. అక్కడ ఎవరైనా మంచాన ఉంటే, సంచి నింపుకోకముందే ఆ తల్లిలా ఒక్క మాట అడగండి.