ఆయుధం కంటే ముందు ఆలోచన

కొద్ది రోజుల క్రితం ఓ రాత్రి హూస్టన్ నుండి మా ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. గుంటూరు నుండి వెళ్ళి చాలా ఏళ్ళుగా అమెరికాలో స్థిరపడ్డాడు. గ్రీన్ కార్డు ఉంది. పెట్రోలు బంకును ఆనుకుని చిన్న దుకాణం నడుపుతున్నాడు.

"భాయీజాన్, ఒక సలహా కావాలి. మా పక్క వీధి దుకాణంలో దొంగలు పడ్డారు. నా దగ్గరికి రోజూ వచ్చే ఓ పెద్దాయన తన పాత రివాల్వర్ అమ్ముతానంటున్నాడు. పాయింట్ 357 మాగ్నం. ధర కూడా తక్కువే. తీసుకోమంటారా?"

నాకు తుపాకుల సంగతి తెలియదు. రెండు రోజులు గడువు అడిగాను. తెలిసినవారిని అడిగి, చదివి, ఆలోచించి అతనికి చెప్పిన మాటలే ఇక్కడ పాఠకులతో పంచుకుంటున్నాను. రివాల్వర్ కొనే అవసరం మనలో చాలామందికి రాకపోవచ్చు. కాని భయంలో నిర్ణయం తీసుకునే పరిస్థితి ఎవరికి రాదు?

చట్టం ఒప్పుకుంటే చాలా?

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రివాల్వర్ ఇంట్లో ఉంచుకోవటం నేరం. అమెరికా పద్ధతి వేరు. ఆత్మరక్షణ కోసం ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవటం పౌరుని హక్కు అని అక్కడి సుప్రీం కోర్టు 2008లో తీర్పు చెప్పింది. లైసెన్సున్న వ్యాపారి అమ్మేటప్పుడు కొనేవాని నేర చరిత్రను తనిఖీ చేయించాలి. కాని టెక్సాస్‌లో ఒక మామూలు మనిషి అదే రాష్ట్రంలోని మరో మనిషికి అమ్మితే ఆ తనిఖీ తప్పనిసరి కాదు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు మాత్రం, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండటమే నేరం. అక్కడున్న మన తెలుగు యువకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మావాడికి చట్టం అడ్డు లేదు. అయితే చట్టం 'చేయవచ్చు' అన్న ప్రతి పనీ 'చేయాలి' అవుతుందా? చట్టం తలుపు తెరిచి ఊరుకుంటుంది. లోపలికి అడుగు వేయాలో లేదో మనిషి అంతరాత్మే తేల్చుకోవాలి.

ఆ వస్తువు ఎలాంటిది?

పాయింట్ 357 మాగ్నం తూటాను స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1935లో మార్కెట్లోకి తెచ్చింది. అంతకు ముందున్న పాయింట్ 38 స్పెషల్ కన్నా దీని శక్తి చాలా ఎక్కువ. అమెరికాలో చాలా ఇళ్ళ లోపలి గోడలు మన ఇటుక గోడల్లాంటివి కావు. చెక్క చట్రానికి పలుచని జిప్సం పలకలు కొట్టి ఉంటాయి. గురి తప్పిన తూటా ఆ గోడను దాటి పక్క గదిలో నిద్రపోతున్న బిడ్డను చేరగలదు. పైగా ఎక్కువ రివాల్వర్లకు విడిగా సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది, అంతే.

పాత రివాల్వర్ అయితే మరో చిక్కు. తూటాలుండే చక్రం సరిగ్గా గొట్టానికి ఎదురుగా వచ్చి నిలవకపోతే సీసపు ముక్కలు పక్కకు చిమ్ముతాయి. ఎన్నో మాగ్నం తూటాలు కాల్చిన తుపాకీలో గొట్టం మొదలు అరిగిపోతుంది, ఒక్కోసారి పగులు కూడా వస్తుంది. అనుభవమున్న పనివాడు చూస్తే గాని ఇది తెలియదు. సరుకులో లోపముంటే చెప్పి అమ్మాలన్నది మన వ్యాపార ధర్మం. అది దొంగ సొత్తు కాదని తేల్చుకోవటం కొనేవాని ధర్మం. రేపు మనం దాన్ని మరొకరికి అమ్మినా, ఎవరి చేతిలో పెడుతున్నామన్న బాధ్యత మనదే.

రక్షణ హక్కు, దాని మెట్లు

ఇస్లాం మనిషిని దొంగ ముందు చేతులు కట్టుకుని నిలబడమనలేదు. తన సొత్తును కాపాడుకుంటూ ప్రాణం కోల్పోయిన వ్యక్తికి షహీద్ స్థానముందని దైవప్రవక్త (సల్లం) తెలిపారు. కనుక ఆత్మరక్షణ తప్పని నేను మావాడికి చెప్పలేదు. పోలీసులు గంటకు గాని చేరుకోలేని పల్లెలో ఒంటరిగా ఉండే స్త్రీ ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు వేరుగా ఉండేదేమో.

కాని నసాయీ హదీసు గ్రంథంలో ఒక క్రమం కనిపిస్తుంది. దోచుకోవటానికి వచ్చినవానికి ముందు దైవాన్ని గుర్తు చేయాలి. వినకపోతే చుట్టుపక్కలవారి సాయం కోరాలి. ఆపైన పాలకుల సాయం కోరాలి. ఇవేవీ లేనప్పుడే పోరాటం. అంటే ఆయుధం చివరి మెట్టు. మావాడు మొదటి మెట్టు మీదే దాని కోసం చెయ్యి చాచాడు. దుకాణానికి వెలుతురు సరిపోదు. గల్లా పెట్టెలో రోజంతా డబ్బు పోగవుతుంది. రాత్రి పన్నెండు దాకా ఒక్కడే కూర్చుంటాడు. వీటిలో ఒక్కటీ మార్చకుండా తుపాకీ కొంటే అది జాగ్రత్త అవుతుందా?

ఎవరి నుండి, ఎవరికి రక్షణ?

మాటల మధ్యలో పిల్లల సంగతి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పెద్దవాడికి అనుకున్న కాలేజీలో సీటు రాలేదు భాయీజాన్. నెల రోజులుగా గది తలుపు వేసుకుని ఉంటున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు" అన్నాడు.

నా జవాబు అక్కడే ఖాయమైంది.

అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా, అంటే 26 వేల మందికి పైగా, హతులు కారు. తమ ప్రాణం తామే తీసుకున్నవారు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మంది వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చేతి తుపాకీ ఉన్న పురుషులు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం, లేనివారి కంటే 8 రెట్లు ఎక్కువ. నిరాశ చాలాసార్లు గాలివానలా వచ్చి పోతుంది. ఆ కాసేపూ చేతికి ఏమీ అందకపోతే మనిషి బతికి బయటపడతాడు. రివాల్వర్ అందితే రెండో ఆలోచనకు వ్యవధి ఉండదు.

"తాళం వేసి పెడతాను" అన్నాడు. మంచిదే. పిల్లలకు అందేలా తూటాలు నింపిన తుపాకీ వదిలేయటం టెక్సాస్‌లోనూ నేరమే. కాని ఇంట్లో పుట్టి పెరిగిన కొడుకుకి తండ్రి తాళం ఎక్కడుందో తెలియదా? పోనీ, ఆ తాళం పట్టుకున్న తండ్రికి మాత్రం చీకటి రోజులు రావా? అప్పులు, ఆలుమగల గొడవ, అవమానం... కోపాన్ని అణచుకున్నవాడే నిజమైన వస్తాదు అన్నది మనకు తెలిసిన బోధనే. ఆ కుస్తీలో ప్రతిసారీ గెలుస్తామని ఎవరు హామీ ఇవ్వగలరు?

మస్జిదులో, బజారులో బాణాలతో నడిచేవారు వాటి మొనలను చేత్తో పట్టుకోవాలని దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. ఎవరినీ గాయపరచాలన్న ఉద్దేశం వారికి లేదు. అయినా పొరపాటున కూడా పక్కవానికి గీత పడకూడదు. ఇక కన్నబిడ్డ తిరిగే ఇంట్లోకి ఆయుధం తెచ్చేవాడు ఎంత ఆలోచించాలి!

కొనే రోజే జవాబు చెప్పుకోవాలి

చివరగా అతణ్ణి ఒకటే అడిగాను. "గల్లాలో ఉన్న వంద డాలర్ల కోసం వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి చంపటానికి నువ్వు సిద్ధమేనా? ఆ తర్వాత ఆ ముఖాన్ని జీవితాంతం మోయగలవా?" తుపాకీ ఎదురైన క్షణంలో ఆలోచించే తీరిక ఉండదు. ఆ నిర్ణయం నిజానికి కొన్న రోజే జరిగిపోతుంది. కొని, ఆ ప్రశ్నను తర్వాతకు వాయిదా వేసేవాడు తనను తాను మోసం చేసుకుంటున్నాడు.

రెండు వారాల తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. పెద్దాయనకు వద్దని చెప్పేశాడట. దుకాణం పదింటికే మూస్తున్నాడు. బయట దీపాలు పెట్టించాడు. వేసిన డబ్బు తాను కూడా వెంటనే తీయలేని ఇనప్పెట్టె బిగించి, ఆ సంగతి తలుపు మీద రాసి పెట్టాడు. కొడుకుని డాక్టరుకు చూపిస్తున్నాడు. ఫజర్ తర్వాత ఇద్దరూ కలిసి నడకకు వెళ్తున్నారు.

"భయం పూర్తిగా పోలేదు భాయీజాన్" అన్నాడు.

భయం పోనవసరం లేదు. భయం మనల్ని మేల్కొలపాలి, మన తరఫున నిర్ణయాలు తీసుకోకూడదు. ఒంటెను కట్టి ఆపైన దైవాన్ని నమ్ముకోమన్నారు. అయితే ఏ తాడుతో కడుతున్నామో, ఆ తాడు రేపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా చూసుకోవాలి కదా! అల్లాహ్ మన ఇళ్ళను, మన బిడ్డలను కాపాడుగాక. ఆమీన్.