మాత్ర మానొద్దు నాయనా, మంట సంగతి చెప్పు

నాయనా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. "కడుపు మంటని చెప్పి వాడు మాత్తర్లు ఒకరోజు వేసుకుంటాండాడు, ఒకరోజు ఎగ్గొడతాండాడు అక్కా, నువ్వన్నా చెప్పు" అని వాపోయింది. నాకు చెప్పకుండా దాచావు చూడు, అదే నాకు కష్టమనిపించింది. పెద్దమ్మ తిడుతుందని భయమా? తిడతాను. తిట్టినాక చెప్పాల్సింది కూడా చెబుతాను. కర్నూలు పెద్దాసుపత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్లూ గద్వాల నుంచి, రాయచూరు నుంచి, మీ జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే గుండె పేషెంట్లను చూశాను. స్టెంటు వేయించుకుని నడుచుకుంటూ ఇంటికి పోయి, మళ్లీ స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. ఏమైందని అడిగితే వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "బాగానే ఉంది గదమ్మా అని మాత్తర్లు మానేసినా."

స్టెంటు వేశాక నీకు రాసిన ఆ రెండు మాత్రలు ఎందుకో నిన్ను కూర్చోబెట్టి ఎవరూ చెప్పినట్టు లేరు. డిశ్చార్జి రోజు హడావుడిలో చెప్పినా నీ చెవికెక్కి ఉండదు. నీ గుండె రక్తనాళంలో పెట్టిన స్టెంటు సన్నటి లోహపు వల. ఒంటికి అది పరాయి వస్తువు. రక్తంలో ప్లేట్‌లెట్లని చిన్న కణాలుంటాయి. ఎక్కడ గాయమైతే అక్కడికి పోయి గుమిగూడి గడ్డ కట్టించడం వాటి పని. ఆ వల తగిలినా గాయమనుకునే గుమిగూడతాయి. నాళం లోపలి పొర మెల్లగా పెరిగి వలను కప్పేయడానికి నెలలు పడుతుంది. అందాకా ఆ కణాలను ఒకదానికొకటి అతుక్కోనీయకుండా ఆపేవే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. రక్తం నీళ్లయిపోతుందేమోనని మీ నాయన బెంగ పెట్టుకున్నాడట. అట్లాంటిదేమీ లేదని చెప్పు.

ఈ రెండు మాత్రల జోడీ ఊరికే వచ్చింది కాదు. 1986లో ఫ్రాన్సులో మొదటిసారి మనిషి గుండె నాళంలో స్టెంటు పెట్టారు. తొలి ఏళ్లలో స్టెంట్లలో గడ్డలు కట్టేవి. గడ్డ కట్టకూడదని హెపారిన్, వార్ఫరిన్ లాంటి గట్టి మందులిస్తే రక్తస్రావాలయ్యేవి. 1990ల నడుమ ఆస్పిరిన్‌తో పాటు ఇంకో ప్లేట్‌లెట్ మాత్ర కలిపి ఇవ్వడం మొదలయ్యాకే స్టెంటు నిలదొక్కుకుంది. ఆ దశాబ్దంలోనే మన హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరలో స్టెంటు తయారుచేశారు. 2017లో కేంద్రం మందు పూసిన స్టెంటు ధర 29,600 రూపాయలు దాటకూడదని కట్టడి చేసింది. స్టెంటు బీదాబిక్కీకి అందింది, సంతోషం. దాన్ని కాపాడే పని మాత్రం ఇప్పటికీ ఆ మాత్రలదే. నీకు గుండెపోటు వచ్చాక వేశారు కాబట్టి మామూలుగా ఏడాది రెండూ వేసుకోవాలి, ఆ పైన ఒకటి, ఎక్కువగా ఆస్పిరిన్, కడదాకా. రక్తస్రావం భయం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ గడువు తగ్గిస్తారు. తగ్గించేది గుండె డాక్టరు. నువ్వు కాదు, నేనూ కాదు.

ఇప్పుడు నీ ఎగ్గొట్టే వ్యవహారానికి వస్తాను. ఒకరోజు మానితే నీకేమీ కాలేదు, పైగా మంట తగ్గినట్టు కూడా అనిపించింది, అవునా? అక్కడే మోసపోతారందరూ. ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఒకసారి పట్టిన ప్లేట్‌లెట్‌ను అది చచ్చేదాకా వదలదు. ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం, పది రోజులు. కాబట్టి మానిన మొదటి రోజు, రెండో రోజు పాత మాత్రే నిన్ను కాస్తుంటుంది. కొత్త ప్లేట్‌లెట్లు రోజుకు కొన్ని పుడుతుంటాయి. వాటికి అడ్డం ఎవరూ లేరు. "మాత్తర లేకపోయినా బాగుండా" అని నీకు ధైర్యమొచ్చే వేళకు అవి తగినన్ని అయి ఉంటాయి. స్టెంటులో గడ్డ కట్టడానికి ముందు సూచనలేమీ ఉండవు నాయనా. కడితే అది మళ్లీ గుండెపోటే, మొదటిదానికన్నా పెద్దది కూడా కావచ్చు.

అయితే నీ మంట అబద్ధమని నేననను. మీ తాత మట్టిమిద్దె గుర్తుంది కదా. ముంగారు వానలకు ముందు ఏటా మిద్దె మీద చౌడు పోసేవాళ్లం. చౌడు పొర ఉన్నంతకాలం ఎంత వాన పడ్డా నీళ్లు జారిపోయేవి. ఒక ఏడు అశ్రద్ధ చేస్తే ఇంట్లో గిన్నెలు పెట్టుకుని కూర్చోవాల్సిందే. కడుపు లోపల కూడా అట్లాంటి జిగట పొర ఒకటుంది, ఊరే ఆమ్లం కండను తినేయకుండా. ఒళ్లు ఆ పొరను రోజూ కొత్తగా వేసుకుంటుంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను ఆపినట్టే ఈ పొర వేసే పనికీ అడ్డం పడుతుంది. పొర పలచబడిన చోట పుండు పడుతుంది. క్లోపిడోగ్రెల్ ఆ పుండును మాననీయదు, అక్కడ రక్తం కారితే ఆగనీయదు. డాక్టరు పాంటాప్రజోల్ రాసింది ఇందుకే. అది చౌడు పోయదు, వాన తగ్గిస్తుంది. ఆస్పిరిన్ మీద పూత ఉంటుంది, కడుపులో కరగదు కాబట్టి భయం లేదని అంగట్లో చెప్పి ఉంటారు. పూత వల్ల మంట కొంచెం తగ్గొచ్చు గానీ, పేగులో కరిగినా రక్తంలో కలిసి మళ్లీ కడుపు పొర మీదికే వస్తుంది.

పాంటాప్రజోల్ ఎప్పుడు వేసుకుంటున్నావు? అన్నం తిన్నాక అన్నీ కలిపి గుప్పెట్లో పోసుకుని మింగుతున్నాడని మీ అమ్మ చెప్పింది. అట్లా వేస్తే సగం వృథా. పొద్దున్నే పరగడుపున, టిఫినుకు అరగంట ముందు అదొక్కటే వేసుకో. తిన్నాక ఆ రెండు మాత్రలు. పది రోజులు ఇట్లా చేసి చూడు. నీ మంటలో చాలా భాగం ఇక్కడే పోతుందని నా నమ్మకం. పోకపోతే డాక్టరుకు చెప్పు, మాత్ర మార్చడానికో మోతాదు మార్చడానికో వాళ్లకు దారులున్నాయి. నీ అంతట నువ్వు అంగడికి పోయి "గ్యాస్ మాత్తర ఇయ్యి" అని మాత్రం అడగొద్దు. వాళ్లు ఓమెప్రజోల్ చేతిలో పెట్టొచ్చు. క్లోపిడోగ్రెల్ మింగగానే పనిచేసేది కాదు, కాలేయంలో ఒక ఎంజైము దాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చాలి. ఓమెప్రజోల్ ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ రెండూ కలపొద్దని హెచ్చరించింది. పాంటాప్రజోల్‌తో ఆ పేచీ చాలా తక్కువ. ఈనో, గోలీసోడా గురించి చెప్పేదేముంది, తేపు వస్తుంది, పుండు మాత్రం అట్లే ఉంటుంది.

ఇంక అసలు సంగతి. మొన్న శనగ కోతలప్పుడు నడుము పట్టేసిందని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్నావట. మీ అమ్మ మాటల సందున ఈ ముక్క అనేసి, నేను గట్టిగా అడిగేసరికి నాలుక కరుచుకుంది. మీ నల్లరేగడి పొలాల్లో వంగి పనిచేసేవాళ్లకు నడుము నొప్పి రాకుండా ఉండదు, ఆ సూది పడకుండానూ ఉండదు. సంచిలోంచి సీసా తీస్తాడు, మూతి విరుస్తాడు, ఒకే సిరంజిలో డైక్లోఫెనాకు, డెక్సామెథాసోను కలుపుతాడు. సాయంత్రానికి మనిషి లేచి కూర్చుంటాడు. ఆయన్ను తప్పు పట్టడం లేదు, అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే. కానీ ఆయనకు నీ గుండెలో స్టెంటు ఉందని చెప్పావా? చెప్పి ఉండవు. "సూది కదా పెద్దమ్మా, కడుపులోకి పోదు గదా" అంటావేమో. పిర్రకు వేసినా రక్తంలో కలిసేదే. ఆస్పిరిన్ ఏ పొరను పలచన చేస్తుందో డైక్లోఫెనాకు కూడా దాన్నే చేస్తుంది, స్టెరాయిడు తోడైతే ఇంకా చేటు. పైగా డైక్లోఫెనాకుకు గుండెపోటు ముప్పు పెంచే గుణం దానికదే ఉంది. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ కూర్చోవాల్సిన చోట ముందే తాను కూర్చుని దాన్ని పనిచేయనీయదు. సూది గుచ్చినచోట కండలో రక్తం చేరి నల్లగా గడ్డ కట్టడం మరొకటి.

నొప్పికి వేడి కాపడం పెట్టుకో. అంతకీ తగ్గకపోతే పారాసెటమాల్, అదీ డాక్టరు చెప్పినంతే. మోకాళ్లకనీ కీళ్లకనీ సంతల్లో అమ్మే నాటు పొడులు దగ్గరికి రానీయొద్దు. కొన్నింట్లో స్టెరాయిడు కలుపుతారు, రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే నాకైతే ఆ అనుమానమే వస్తుంది.

తిండి సంగతి నువ్వెట్లాగూ అడుగుతావు. కారం తినే పుండు పడుతుందని మనవాళ్ల నమ్మకం. కానీ ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టరు, పుండ్లకు ఒక బాక్టీరియా కారణమని ఎంత చెప్పినా ఎవరూ నమ్మకపోతే, 1984లో దాన్ని తానే తాగి కడుపు పాడుచేసుకుని చూపించాడు. 2005లో ఆయనకూ రాబిన్ వారెన్‌కూ నోబెల్ ఇచ్చారు. కాబట్టి నీకు గతంలో పుండు ఉండి ఉంటే డాక్టరుకు చెప్పు, ఆ బాక్టీరియాకు పరీక్ష ఉంది, మందూ ఉంది. అట్లాగని రోజూ పొద్దున్నే ఎర్రకారం పూసిన దోసె లాగించమని నేననడం లేదు. కారం పుండు పెట్టకపోయినా ఉన్న మంటను రేపుతుంది. సంగటిలోకి ఊరిమిండి కొంచెం తగ్గించి పప్పు, మజ్జిగ పెంచు. పొగ, తాగుడు మానకపోతే పైన చెప్పిందంతా దండగ.

ఎండాకాలంలో "ఈ మాత్తర్లు వేడి" అని మానేసేవాళ్లు మన కడప, కర్నూళ్లలో ఎంతమందో. నీళ్లు, మజ్జిగ బాగా తాగు, మాత్ర వేసుకో. ఇంకొక చిక్కుంది. మే నెలలో కళ్లు తిరిగి పడితే ఎండదెబ్బ అంటారు, నీ విషయంలో అది లోపల రక్తం కారడమూ కావచ్చు. అందుకే సిగ్గుపడకుండా దొడ్డికి పోయినప్పుడు ఒకసారి చూసుకో. తారులా నల్లగా, జిగటగా, ఎప్పుడూ లేని కంపుతో వస్తే ఆ రోజే ఆసుపత్రికి. ఐరన్ మాత్రలకూ నల్లగా వస్తుంది గానీ, ఏది ఏదని నువ్వు తేల్చుకోవద్దు. రక్తం వాంతి అయినా, కాఫీపొడి కలిసినట్టు వాంతి అయినా, తలకు దెబ్బ తగిలినా ఆలస్యం చేయొద్దు. పళ్లు తోముకునేటప్పుడు కాస్త రక్తం, చేతుల మీద చిన్న కమిలిన మచ్చలు సాధారణం, తర్వాతిసారి పోయినప్పుడు చెబితే చాలు. ఛాతీ నడుమ బిగపట్టి, దవడకో చేతికో పాకి, చెమట పడితే మాత్రం దాన్ని గ్యాస్ అనుకుని పడుకోవద్దు. 108కి ఫోన్ చెయ్యి.

పన్ను పీకించుకోవాలన్నా, ఇంకే ఆపరేషన్ అన్నా స్టెంటు ఉందని ముందే చెప్పు, మాత్ర ఆపాలో వద్దో గుండె డాక్టరును అడిగించు. శివరాత్రికి శ్రీశైలం పోయి ఉపవాసం ఉంటావు, ఉండు, మాత్ర మింగేంత నీళ్లు తాగితే మల్లన్న ఏమీ అనుకోడు. రోజా ఉండే మీ స్నేహితుడికి కూడా స్టెంటు ఉందన్నావు కదా, రంజాన్‌కు ముందే డాక్టరు దగ్గర మాత్రల వేళలు మార్పించుకోమను. ఒకరోజు మరిచిపోతే మరునాడు రెండు మింగొద్దు.

అంగట్లో నాలుగేసి మాత్రలు కత్తిరించి ఇస్తారు, పేరు సగం తెగిపోయి తేదీ ఎక్కడుందో కనబడదు. షీటు నిండుగా కొను. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఒకే గొట్టం మాత్రగా కూడా వస్తాయి. అది వేసుకుంటూ విడిగా ఆస్పిరిన్ కూడా మింగేవాళ్లను చూశాను, ఏది ఏదో చూసుకో. ఆరోగ్యశ్రీకి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరు మారింది, స్టెంటు వేసిన ఆసుపత్రిలో ఆ కౌంటరు దగ్గరే ఫాలోఅప్ మందుల సంగతి అడుగు. ఆ మందులు అయిపోయిన రోజున "కోర్సు అయిపోయింది" అనుకునేవు సుమా. ఆ పైన కొనుక్కోవాలంటే జనఔషధి కేంద్రాలున్నాయి, ఈ మాత్రలు అక్కడ చవగ్గా వస్తాయి.

వచ్చే రివ్యూకు నేనూ వస్తాను. డిశ్చార్జి కాగితం, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆర్ఎంపీ ఇచ్చినవీ, నాటు పొడి ఏదైనా ఉంటే అదీ, ఒక సంచిలో వేసుకుని తీసుకురా. కడుపు మంట ఎప్పుడెప్పుడు వస్తోంది, తినకముందా తిన్నాకా అనేది ఒక కాగితం మీద రాసుకో, డాక్టరు అడిగితే నీళ్లు నమలకుండా.

పెద్దమ్మ