మనకు ఇంగ్లిష్ మూడో భాష

"సార్, ఈ వయసులో మళ్లీ డిగ్రీ ఎందుకు? ప్రమోషన్ కోసమేనా?" అని మా బడి ఉన్న తండాలో బీఎడ్ చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. డిగ్రీ చేతికొస్తే నాకూ మేలే. కానీ ఇంకో ప్రశ్న నన్ను చాలా రోజులుగా వదలడం లేదు. తనకే సగం వచ్చిన భాషను పంతులు పిల్లలకు చెప్పవచ్చా? చెప్పక తప్పనప్పుడు ఆ మిగతా సగం నేర్చుకోవడం ఎవరి బాధ్యత?

నేను కోయవాణ్ణి. డీఎడ్ చేసి, పాలకుర్తి దగ్గర ఒక లంబాడా తండాలో చదువు చెబుతున్నాను. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. మాకు శిక్షణ ఇచ్చారు, కానీ అది మొదలు మాత్రమేనని తరగతిలో నిలబడ్డాక తెలిసింది. ఇంగ్లిష్ వాక్యం చదవడం, పక్క పేజీ చూసి తెలుగు చెప్పడం, ముందుకు పోవడం. పాఠాలు అయిపోయేవి. పిల్లలకు ఏం వచ్చిందో నేను అడిగేవాణ్ణి కాదు. అడగడానికి నాకే భయం.

ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయులకు చదువు చెప్పే సంస్థ మనకు దూరమేమీ కాదు. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైంది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది. 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఉద్యోగం చేస్తూనే, ఇంటి దగ్గర పాఠాలు చదువుకుని, కొన్ని రోజులు తరగతులకు హాజరై పూర్తి చేసే ఇంగ్లిష్ బోధన కోర్సును కూడా అది నడిపింది. దాని పేరులోనే పోస్ట్ గ్రాడ్యుయేట్ అని ఉంది. అంటే డిగ్రీ లేనివాడికి ఆ తలుపు తెరుచుకోదు. మన గూడేల్లో, తండాల్లో చాలామంది ఇంటర్ తర్వాత డీఎడ్ చేసి, ఉద్యోగం రాగానే అక్కడే ఆగిపోయినవాళ్లం. ఇల్లు గడవాలి కాబట్టి ఆగాం. అందుకే నేను ముందు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి చేరాను.

తోటి ఉపాధ్యాయుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "మీడియం మార్చింది ప్రభుత్వం, నేర్పాల్సిందీ అదే." న్యాయమైన మాట. జీతంతో సెలవు, ఫీజు, సెలవుల్లో తరగతులు అడగడం మన హక్కు. రెండోది, "పంతులు అన్నాక సొంతంగా నేర్చుకోవాలి." ఇదీ న్యాయమే. కానీ మొదటి మాట పట్టుకుని నేను ఆగితే నా మూడో తరగతి పిల్ల ఆగదు. రాకపోయినా నాలుగుకు పోతుంది, ఐదుకు పోతుంది. ప్రభుత్వం నాకు పడ్డ బాకీ వేరు, నేను ఆ పిల్లకు పడ్డ బాకీ వేరు. ఒకటి వసూలు కాలేదని రెండోది ఎగ్గొట్టడం సరికాదు.

శిక్షణ వల్ల ఏమొస్తుందని అడగవచ్చు. నా అనుభవమే చెబుతాను. చిన్నప్పుడు అమ్మ గురించి ఇంగ్లిష్‌లో రాస్తూ 'షీ' అనాల్సిన చోట 'ఇట్' అని రాసి దెబ్బలు తిన్నాను. 'అమ్మ వచ్చింది', 'బండి వచ్చింది' అనడానికి తెలుగులో క్రియ ఒక్కటే, మా కోయలోనూ అంతే. నేను నా భాష నియమాన్నే ఇంగ్లిష్‌లోకి మోసుకొచ్చాను. అది తెలివితక్కువతనం కాదని తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. ఈ సంగతి తెలిసిన పంతులు బెత్తం తీయడు, కారణం వెతుకుతాడు. అయితే లంబాడీ పిల్లల గోర్ బోలి రాజస్థానీకి దగ్గరి భాష. వాళ్ల తప్పులకు కారణం నా కోయలో దొరకదు. వాళ్ల దగ్గరే నేను నేర్చుకోవాలి.

1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని కొన్ని మామూలు బడుల్లో ఎన్.ఎస్. ప్రభు ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం వల్లె వేయించకుండా, పటాలూ టైంటేబుళ్లూ చూసి లెక్క తేల్చే పనులు ఇచ్చి ఇంగ్లిష్ నేర్పారు. 1990లో ఆయనే, అందరికీ సరిపోయే ఒకే మంచి పద్ధతి లేదని వాదిస్తూ వ్యాసం రాశారు. తాను చెప్పేది పిల్లలకు ఎలా చేరుతుందో పంతులుకు సొంత ఎరుక ఉండాలనీ, ఆ ఎరుక చచ్చిపోకూడదనీ ఆయన భావం. నా పక్క పేజీ పాఠాల్లో చచ్చిపోయింది అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా కావాలి. ఈ కోర్సులన్నీ ఇంగ్లిష్‌ను 'రెండో భాష' అంటాయి. మన పిల్లలకు అది మూడోది. నేను బడిలో చేరిన కొత్తలో దాహమై 'ఏరు' అన్నాను. కోయలో ఏరు అంటే నీళ్లు. సార్ వాగు అనుకున్నారు, తరగతంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు నేను నోరు విప్పలేదు. ఇప్పుడు 'తరగతిలో ఇంగ్లిష్ మాత్రమే' అని నేను పట్టుబడితే, 'పాణి' అడిగే పిల్ల నోరు నేనే మూసినట్టు. అందుకే బోర్డు మీద పాణి, నీళ్లు, వాటర్ మూడూ రాస్తాను. పాణి అన్న పిల్ల తలెత్తి చూస్తుంది. అక్కడి నుంచి వాటర్ దాకా నడవడం కష్టం కాదు.

ఇది పాల్కురికి సోమనాథుడి ఊరు. సంస్కృతం తెలియక ఆయన జాను తెనుగులో, ద్విపదలో బసవ పురాణం రాయలేదు. పెద్ద భాష తెలిసి కూడా జనం భాషలో చెప్పాడు. మన పిల్లలకు ఇంగ్లిష్ కావాలి. కాలేజీకి, ఆసుపత్రికి, కోర్టుకు పోయినప్పుడు దాని అవసరం తెలుస్తుంది. దాన్ని బాగా నేర్చుకున్న పంతులు వాళ్ల భాషను దాటకుండా చెప్పాలి, అంతే.

ఆ తమ్ముడికి ఇప్పుడు జవాబు చెప్పగలను. ప్రమోషన్ వస్తే వద్దనను తమ్మీ. కానీ డిగ్రీ వచ్చాక నాకు పాణి అన్న మాట తక్కువగా వినబడితే, ఆ చదువు వృథా. నువ్వు బీఎడ్ అయ్యాక ఏ గూడేనికి పోయినా, ముందు అక్కడి పిల్లలు నీళ్లను ఏమంటారో అడుగు.