పసిబిడ్డ పాదముద్ర: జ్ఞాపకమా, విగ్రహమా?

ధ్యాన భాగములు: యెహోషువ 4:1-9, 2 రాజులు 18:4, యెషయా 49:15, 16



వికారాబాదు, తాండూరు ప్రాంతములలో మేము గృహదర్శనములకు వెళ్లునప్పుడు కొన్ని ఇండ్ల గోడలమీద పసిబిడ్డ చేతిముద్రయో పాదముద్రయో కనుపించుచున్నది. తల్లులే దానిని ఇంటిలో చేసికొనుచున్నారు. రెండు గిన్నెల మైదాపిండిలో ఒక గిన్నె ఉప్పు కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా పోయుచు గట్టిగా పిసికి, అరంగుళము మందపు బిళ్లగా ఒత్తుదురు. బిడ్డ నిద్రించుచుండగా పాదమును దానిలో మెల్లగా అదిమి, వెంటనే కడుగుదురు. బిళ్లను కొన్ని దినములు ఆరనిత్తురు. కొందరు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడుదురు. అది గట్టిపడునప్పుడు వేడెక్కి చర్మమును కాల్చగలదు. గనుక పసివాని చేతినైనను పాదమునైనను అందులో ఎన్నడును ఉంచరాదు.

"ఇది క్రైస్తవులకు తగునా, అయ్యగారూ?" అని కొందరు పెద్దలు మమ్మును అడుగుచున్నారు. ఒకప్పుడు మేము ఈ ప్రశ్నకు తొందరపడి జవాబిచ్చితిమి. ఒక తల్లికి పుట్టిన బిడ్డ 40 దినములకే ప్రభువునొద్దకు పోయెను. ఆమెకు మిగిలినది ఒక్క పాదముద్ర. ప్రతి సాయంకాలము దానియెదుట కొవ్వొత్తి వెలిగించి కూర్చుండెడిది. "అమ్మా, ఇది విగ్రహమగును, తీసివేయుము" అని మేము చెప్పితిమి. ఆమె మారుపలుకక, దానిని కొంగులో చుట్టుకొని లోపలికి పోయెను. తరువాత నాలుగు ఆదివారములు ఆరాధనకు రాలేదు.

అప్పుడు మేము వాక్యమును మరల తెరచితిమి. యొర్దాను నడుమనుండి పన్నెండు రాళ్లు తెచ్చి నిలువబెట్టుమని దేవుడే యెహోషువకు ఆజ్ఞాపించెను. పిల్లలు ఆ రాళ్లను చూచి ప్రశ్నించినప్పుడు తండ్రులు ప్రభువు చేసిన కార్యమును చెప్పవలెను. కాబట్టి జ్ఞాపకచిహ్నము పాపము కాదు. మోషే చేసిన ఇత్తడి సర్పమును దేవుని ఆజ్ఞచేతనే కలిగెను. అయినను ప్రజలు దానికి ధూపము వేయగా హిజ్కియా దానిని ముక్కలు చేసెను. భేదము రాతిలో లేదు, ఇత్తడిలో లేదు. దానియెదుట నిలిచిన మనుష్యుని హృదయములో ఉన్నది. ఆ రాళ్లు మనుష్యులను దేవునియొద్దకు పంపెను. సర్పము వారిని తనయొద్దనే నిలుపుకొనెను.

బ్రదికియున్న బిడ్డల తలిదండ్రులారా, మీకును ఈ పరీక్ష కలదు. ముద్ర ఎన్నటికిని పెరుగదు, పాదము పెరుగును. తాండూరు బండలు పరచిన మన ఇండ్లలో ఆ పాదము వేయిసార్లు నడచినను గుర్తు నిలువదు. హన్నా తన కుమారుని దేవునికి అప్పగించి, పెరుగుచున్న ఆ బాలునికి ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చెను. చిన్ననాటి పాదమును అద్దములో భద్రపరచి, పెరిగిన కుమార్తె చదువు మాన్పించు తండ్రి దేనిని ప్రేమించుచున్నాడు? బిడ్డనా, పిండిబిళ్లనా?

తల్లియైనను మరచునేమో గాని తాను మరువనని ప్రభువు యెషయాద్వారా సెలవిచ్చెను. మనము బిడ్డ ముద్రను పిండిలో తీసికొందుము. ఆయన మనలను తన అరచేతులమీదనే చెక్కుకొనెను. ఆ చేతులకే మేకుల గాయములు కలవు. మన పిండిబిళ్ల చెమ్మకు మెత్తబడి విరిగిపోయినను ఆ వ్రాత చెరగదు.

మేము ఆ తల్లి ఇంటికి మరల వెళ్లి క్షమాపణ అడిగితిమి. ముద్రను తెమ్మని కోరి, మొదటనే అడుగవలసిన ప్రశ్న అప్పుడు అడిగితిమి: "అమ్మా, ఈ పాదము ఎవరిది?" ఆమె బిడ్డ పేరు చెప్పెను. ఆ 40 దినముల సంగతి అంతయు చెప్పెను. తుదకు, ఆ దినములు ఇచ్చినందుకు దేవునికి ఆమెయే స్తోత్రము చెల్లించెను. మరుసటి ఆదివారము ఆరాధనకు వచ్చెను. కొవ్వొత్తిని గూర్చి మేము మరల అడుగలేదు.

కావున, ప్రియులారా, దుఃఖించువారి ఇంటిలో గోడమీది వస్తువునకు తీర్పు తీర్చకమునుపు దాని కథ అడుగుడి. ప్రభువు మనకట్టి ప్రేమ దయచేయునుగాక. ఆమేన్.