చేదు పానకము

ఆటలో ఓడినవారు దండుగ చెల్లింపవలెననుట మనలో పాతమర్యాదయే. గుంజీళ్లు తీయుట, గెలిచినవానిని వీపుపై మోయుట, మొట్టికాయలు తినుట మన మెరిగినవే. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు గృహములలో ఓడినవారు తమ ఉంగరమునో చేతిరుమాలునో కుదువ పెట్టి, పిదప పాట పాడియో పద్యము చెప్పియో విడిపించుకొనెడివారు. ఇటీవల మన యిండ్ల వేడుకలలో వేరొక దండుగ కనబడుచున్నది. కాకరకాయ రసములో వేపాకును, ఉప్పును, మిరియాల పొడిని కలిపి ఓడినవానిచే త్రాగించి, వాని ముఖవికారమును చూచి నవ్వుదురు. ఇందులో తప్పేమి యని అడుగువారు కలరు. మొన్నటి సంక్రాంతివరకు మేమును అట్లడుగువారమే.

కనుమనాటి రాత్రి గణపవరమున మా బంధువుల యింటి మేడపై పిల్లలు అంత్యాక్షరి యాడుచుండిరి. ఏలూరునుండియు, తాడేపల్లిగూడెమునుండియు, హైదరాబాదునుండియు వచ్చిన చుట్టములతో ఇల్లు నిండియుండెను. ఉపాధ్యాయుడు గనుక పక్షపాతముండదని మధ్యవర్తిత్వము మాకప్పగించిరి. చేదురసపు గిన్నెయు గరిటెయు మా చేతనే యుండెను. ఒక పక్షమున ఒకరు తక్కువగుటచే ఆ యింట పనిచేయు ఆమె కుమారుని పిలిచి కూర్చుండబెట్టిరి. వాడు పదమూడేండ్లవాడు, మా బడిలోనే చదువుచున్నాడు. వారిది కొల్లేటి లంక గ్రామము. తల్లి కూలికై గణపవరము చేరినది.

మొదట కొత్త యల్లుడు ఓడెను. అతడు రెండు గుక్కలు త్రాగి, “అత్తయ్యగారూ, నన్ను చంపేస్తున్నారండీ!” అని కేక పెట్టి, మిగిలినది పూలకుండీలో పోసెను. అందరును నవ్విరి. తరువాత ఒక మరదలు ఓడెను. “నేను తాగను పొండి” అని ఆమె మెట్లు దిగి పరుగెత్తెను. అదియు వేడుకయే అయ్యెను. మూడవసారి ఆ బాలుడు ఓడెను. వాడు ఒక్కమారు మా వంక చూచెను. మేము గ్లాసు నింపి యిచ్చితిమి. వాడు దానిని మధ్య నాపక త్రాగి, ముఖము చిట్లింపక, గ్లాసు క్రింద పెట్టి, “ఇంకా తాగమంటారా, మాస్టారూ?” అని యడిగెను.

నవ్వుటకు సిద్ధముగ నున్న వారెవరును నవ్వలేకపోయిరి. ఆట కొంతసేపు సాగి తానే ఆగిపోయెను.

ఆ రాత్రి మమ్ము బాధించిన ప్రశ్న యిది: ముగ్గురికిని ఒకటే గిన్నె, ఒకటే రసము, ఒకటే నియమము. అట్లయినను మొదటి యిద్దరి విషయమున వేడుకయైనది మూడవవాని విషయమున క్రౌర్యమెట్లయ్యెను?

తప్పు చేదునందు లేదు. ఉగాదినాడు వేపపువ్వు పచ్చడిని ఇంటిల్లిపాదియు తిందురు. పసివాడు మొగము ముడిచిన నవ్వుదురు. ఆ నవ్వులో నొప్పి లేదు. ఏలయనగా ఆ పచ్చడిని పెట్టిన తాతయు తినును, తల్లియు తినును. కొత్త సంవత్సరపు చేదును అందరును పంచుకొందురు గాని ఒకని నోట పోసి తక్కినవారు చూచుచుండరు. హాలాహలమును మ్రింగిన శివుని మనము పూజించుటయు ఆయన తన యిచ్ఛచే, పరుల మేలుకొరకు మ్రింగెను గనుకనే గదా.

ఆముదమునే తీసికొందము. ఒకప్పుడు మన తల్లులు పిల్లలను ఒడిలో పండుకొనబెట్టుకొని, ముక్కు మూసి, ఆముదము పోసెడివారు. పిల్లలు ఏడ్చెడివారు, కాని తల్లిని ద్వేషించినవారు లేరు. 1920లలో ఇటలీ దేశమున ముస్సోలినీ అనుచరులైన నల్లచొక్కాలవారు తమ్మెదిరించినవారిచే ఆ యాముదమునే బలవంతముగ త్రాగించిరి. శరీరమును బాధించుటయే గాక నలుగురిలో అవమానించుట వారి యుద్దేశము. నూనె ఒక్కటియే. తల్లిచేతిలో అది మందు, వారి చేతిలో ఆయుధము. కాబట్టి పానీయము నాలుకకెట్లున్నదను దానికన్న, దానిని ఎవరెవరికి ఏ భావముతో ఇచ్చుచున్నారో, త్రాగువానికి వలదను స్వాతంత్ర్య మున్నదో లేదో అనునదే విచారింపదగినది.

అల్లునికి ఆ స్వాతంత్ర్య ముండెను. సగము పారబోసినను అతని మర్యాద పోలేదు. మరదలికి ఉండెను, పరుగెత్తినను ఆమెను మందలించువారు లేరు. ఆ బాలునికి మాత్రము లేదు. నిరాకరించిన తల్లి పని యేమగునో! ఎదుట గ్లాసు పట్టుకొన్నవాడు తనకు పాఠము చెప్పు మాస్టారాయెను. నియమము అందరికిని ఒకటియైనను దానిని ఉల్లంఘించు చనువు అందరికిని ఒకటి కాదు. ముఖము చిట్లించుటకు కూడ చనువు కావలెనని మేము నలువదియేండ్లు దాటినపిదప తెలిసికొంటిమి.

అదియునుగాక, రుచిలేని దానిని మాటాడక మ్రింగుట వానికి కొత్త గాదు. కొల్లేటి చుట్టు చేపల చెరువులు పెరిగినపిదప లంక గ్రామములలో మంచినీటికి కటకట యేర్పడినది. తాతలు సరస్సు నీటినే త్రాగిన చోట మనుమలు నీటిని కొని త్రాగవలసివచ్చినది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను. 2006లో ప్రభుత్వము అనేక చెరువుల గట్లను కొట్టించెను. అయినను ఆ గ్రామముల దప్పిక తీరలేదు. నీరు అరుదైన యింటినుండి వచ్చిన బాలునిచే మేము వినోదమునకై చేదునీరు త్రాగించితిమి.

మిత్రుడొకరు ఈ మాటలు విని మమ్మాక్షేపించిరి. “వానిని ఆటలో కూర్చుండబెట్టితిరి, అందరితో సమానముగ చూచితిరి. దండుగనుండి వానిని మాత్రము తప్పించినచో అదియే అసలైన అవమానము కాదా?” అనిరి. ఈ యాక్షేపము తేలికగ త్రోసివేయదగినది కాదు. ‘పాపము, వానికి వద్దు’ అనియుండినచో వానిని పంక్తినుండి లేపినట్లే యగును. అయితే సమానత్వమనగా సమానమైన గ్లాసు ఇచ్చుట యని మిత్రుడు భావించిరి. సమానముగ ‘వద్ద’నగలుగుట యని మేము భావించుచున్నాము. ఒక్కని తప్పించుట కాదు. అందరికిని తప్పించుకొను దారి ముందే చూపవలెను. చేదు వద్దన్నవారు పద్యము చెప్పవచ్చును, పొడుపుకథ విప్పవచ్చును అని ఆట మొదలుపెట్టకమునుపే చెప్పియుండిన, ఆ బాలుడు ఏదో యొకటి చెప్పి నవ్వుచు కూర్చుండెడివాడు.

కళాశాలలలో పెద్ద విద్యార్థులు కొత్తవారిని ఏడిపించుట కూడ ఇట్టి వేడుకతోనే మొదలగును. “సరదాకి చేశాము, వాడూ ఒప్పుకొన్నాడు” అనునదే అక్కడి సమాధానము. దానిని అరికట్టుటకు మన రాష్ట్రము 1997లో ర్యాగింగు నిషేధ చట్టమును చేసెను. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశమంతటికిని నియమములు విధించెను. సాధారణముగ తాను చేయని పనిని విద్యార్థిచే చేయించి సిగ్గుపడునట్లు చేయుట ఆ నియమముల ప్రకారము నేరమే. చట్టము కళాశాల గడపవరకు వచ్చును. మన మేడమీదికి రాదు. అక్కడ మన మనస్సే కాపలా యుండవలెను.

దేహము మాటయు మరువరాదు. చేదును నాలుక వెగటుగ నెంచుట వట్టి చాపల్యము కాదు. మొక్కలలోని విషములనేకము చేదుగ నుండును. చేదెక్కిన సొరకాయ రసము త్రాగి మన దేశమున ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. ఉప్పు మితిమీరి కలిపిన నీరు పిల్లలకు ప్రమాదకరము. గిన్నెలో ఏమున్నదో చెప్పకుండ ఎవరిచేతను ఏదియు త్రాగింపరాదు.

తనకు అప్రియమైనది పరులకు చేయరాదని మన పెద్దలు చెప్పిరి. ఆ బోధను పిల్లలకు ఎన్నిమారులు చెప్పితిమో లెక్కలేదు. ఆ రాత్రి అందరును క్రిందికి దిగినపిదప గిన్నెలో మిగిలిన రసమును మేము గ్లాసులో పోసికొని త్రాగితిమి. మిక్కిలి చేదుగ నుండెను. అంతటితో ఋణము తీరినదని ఒక క్షణము తోచెను, తీరలేదు. మమ్ము త్రాగుమన్నవారు లేరు, చూచి నవ్వుటకు నిలిచినవారును లేరు. వలదనుకొన్నచో పారబోసి యుందుము. ఆ బాలుడు త్రాగిన చేదు ఆ గ్లాసులో మాకు దొరకలేదు.

ఇకమీదట మా యెదుట ఇట్టి యాట సాగినచో మొదటి గ్లాసు మధ్యవర్తిదే. ఆనాడు అట్లు చేసియుండిన బాగుండెడిది.