పరదేశమున గురుధర్మము

గురువు పరదేశమున బోధింపవలసి వచ్చినపుడు అచటివారికొఱకు ఎంతవఱకు సడలింపవచ్చును? ఎచట నిలువవలెను? భగవద్గీత 18వ అధ్యాయమున దీనికొక కొలత కలదు. తపస్సు లేనివానికిని, భక్తి లేనివానికిని, వినగోరనివానికిని ఈ శాస్త్రము చెప్పరాదని భగవానుడు నిషేధించెను. ఆ వెంటనే, భక్తులకు దీనిని చెప్పువానికంటె తనకు ప్రియుడు లేడనియు సెలవిచ్చెను. మరి తపస్సన్న మాటయే ఎఱుగనివారి నడుమ గురువు నోరు విప్పుట యెట్లు?

1965లో శ్రీ ఏ.సి. భక్తివేదాంత స్వామివారు డెబ్బదికి చేరువైన వయస్సున కలకత్తానుండి సరకుల ఓడపై అమెరికా చేరిరి. 1966లో న్యూయార్కు నగరమున ఒక చిన్న దుకాణపు గదిలో గీతాప్రవచనము సాగించిరి. వినవచ్చిన యువకులలో పలువురికి మత్తు పదార్థములు నిత్యపరిచితములు. స్వామివారు వారికి ఆంగ్లమున బోధించిరి. స్వయముగా వండి ప్రసాదము పెట్టిరి. స్త్రీలకును దీక్ష యొసగిరి. వారి గురుసంప్రదాయమున దినమునకు 64 మాలల జపము ఆదర్శము. మాలకు 108 పర్యాయములు, మంత్రమున 16 నామములు. వెరసి లక్షకు పైబడిన నామములు. శిష్యులు తమవలన కాదనగా 32 అనిరి. అదియు భారమనగా 16 మాలలుగా నిర్ణయించిరి.

ఇది సంప్రదాయమును పలుచన చేయుట కాదా? ఈ శంక త్రోసివేయదగినది కాదు. నేడు సంఖ్యను తగ్గించినవారు రేపు దేనినైనను తగ్గింపవచ్చును గదా! అయితే వారు తగ్గింపనిదేదో చూడుడు. ఆ 16 మాలలు ప్రతిదినము జరుగవలసినదే. మాంసము, మత్తు, జూదము, అక్రమకామము అను నాలుగింటిని శిష్యుడు విడువవలసినదే. ఆ యువకులకు అదియే తపస్సు. గీత కోరిన అర్హతను స్వామివారు తీసివేయలేదు. దానికి ఎక్కు మెట్టును వారి పాదములకు అందునట్లు అమర్చిరి. మెట్టు ఎత్తు తగ్గవచ్చును. మెట్టే లేనిచో ఎక్కుట యనునదియు లేదు.

నేడు మన కుటుంబములలో పలువురి మనుమలు విదేశములలో పెరుగుచున్నారు. వారికి తెలుగు అక్షరములు రాకున్నచో తిరుప్పావైని వచ్చిన లిపిలోనే వ్రాసి యిండు. అర్థమును వారి భాషలోనే చెప్పుడు. ముప్పది పాశురములు రాకున్న ఒక్కటి నేర్పుడు. కాని ఆ ఒక్కటి ప్రతిదినము స్నానము చేసి స్వామి యెదుట పాడునట్లు చూడుడు. పిల్లలు విసుగుకొందురేమో యని దానినిగూడ మాన్పించుట వారిపై దయ కాదు. మన అలసత్వమునకు మనము పెట్టుకొన్న పేరు.

నేర్పువారికి ఓర్పును, నేర్చువారికి నియమమును శ్రీనివాసుడు ప్రసాదించుగాక!